ఉప్పునీళ్ల పరీక్ష

నేను ఒక పాచికను. ఇరవై ముఖాలవాణ్ణి. ఇన్ని ముఖాలున్నవాణ్ణి ఎవరు నమ్ముతారు చెప్పండి? అచ్చులోంచి బయటపడ్డ రోజునే ఒకడు నన్ను వెలుతురుకు పట్టి, లోపల గాలిబుడగ ఉందేమోనని చూశాడు. అప్పటినుంచీ నేనూ ఎవరినీ నమ్మను.

విజయనగరంలో ఒక జిరాక్సు షాపు మేడమీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ చెబుతుంటే తక్కినవాళ్లు తలో వీరుణ్ణి ఆడిస్తూ, పాచికలతో యుద్ధాల ఆట ఆడతారు. కథ నడిపేది హైమవతి. రాక్షసులూ మృగాలూ అన్నీ ఆవిడ పక్షమే. ఆవిడ పాచిక వేసేది నిలబెట్టిన అట్ట వెనక. ఎంత పడిందో ఆవిడ చెప్పిందే వేదం. నా యజమాని నూకరాజు. అతను ఆడించే వీరుడు సింహాద్రి వస్తాదు. అది ఒకప్పుడు కుస్తీలు పట్టిన, ఇప్పుడు లేని అతని తాత పేరు. వీరుడు చస్తే అతని వివరాల కాగితం చింపెయ్యాలి, మళ్లీ ఆ పేరు ఎత్తకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

ఆటలో పట్టు విడిపించుకునే నియమం సులువే. పట్టినవాళ్లూ, చిక్కినవాళ్లూ చెరో పాచిక వేస్తారు. పెద్ద అంకెది గెలుపు. మూడేళ్లుగా వస్తాదు ఏ పట్టులోంచైనా జారిపోయేవాడు. నేను కాస్త మీసం మెలేసేవాణ్ణి.

ఆ ఆదివారం ఆటలో హైమవతి కొండచిలువ వస్తాదును చుట్టేసింది. విడిపించుకోలేకపోతే ప్రాణం పోయినట్టే. మూడో ఆటగాడు అప్పలసూరి నా వంక అదోలా చూశాడు.

"ఆ పాచికలో ఏదో ఉందిరా. ఉప్పునీళ్లల్లో ఏసి సూద్దాం."

గ్లాసులో ఉప్పు కలిపి నన్ను ముంచారు. బరువు ఒకవైపే ఉంటే ఎప్పుడూ ఒకే అంకె పైకి తేలుతుంది. నాకు భయం వేసింది. నా కడుపులో ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆరుసార్లు తిప్పారు. ఒక్కోసారి ఒక్కో అంకె తేలింది.

నూకరాజుకు రోషం వచ్చింది. "నాకాడ దాపరికం నేదు. ఆ అట్ట కూడా తీసెయ్యండక్కా. అందరం అందరి ఎదరే ఏద్దాం."

"అట్ట ఉండనీ రాజూ," అంది హైమవతి. అప్పుడే నాకు అనుమానం కలిగింది.

అతను వినలేదు. అట్ట తీశారు. ఆవిడకు పంతొమ్మిది పడింది. నేను పద్నాలుగు దగ్గర ఆగిపోయాను.

నూకరాజు మెల్లగా కాగితం చింపాడు. "మీకింత పెద్దది ఎప్పుడూ పడనేదు కదక్కా?"

"పడీవి రాజూ. నేనే తగ్గించి చెప్పీదాన్ని."

అతను నన్ను బల్లమీదే వదిలి వెళ్లిపోయాడు. ఇప్పుడు హైమవతి పెన్నుల డబ్బాలో ఉంటున్నాను. నా మీద ఎవరికీ అనుమానం లేదు. మూడేళ్లూ వస్తాదును కాపాడింది నేనే అనుకున్నాను.