సంచి సంగతి

గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపే భూపాల్‌కు అబద్ధమాడటం చేతకాదని అందరూ అంటారు. నిజమే. చేతకాని పనికి పూనుకున్నాడు కాబట్టే అంత ఘోరంగా చేశాడు.

తండ్రి సదయ్యకు డెబ్బై దాటాయి. భూగర్భ గనిలో మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. మూత్రాశయంలో క్యాన్సర్ తేలింది. మొత్తం తీసేయాల్సిందేనన్నాడు హైదరాబాదు డాక్టర్. సదయ్య స్కానింగ్ గదిలో ఉండగా భూపాల్‌ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. పొట్ట కోసి తీయవచ్చు, లేదా రోబోతో చిన్న చిన్న రంధ్రాల్లోంచి తీయవచ్చు. ఈ వయసులో రోబో అయితే రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేచి తిరగవచ్చు.

"ఎలా తీసినా పొట్ట మీద సంచి మాత్రం తప్పదు. మూత్రం ఇక ఎప్పటికీ అందులోకే వస్తుంది. నాన్నగారికి చెప్పి ఒప్పించండి" అన్నాడు.

ఇంటికొచ్చాక భూపాల్ నోరు తెరవకముందే, ఆస్పత్రిలో సంచి కట్టిన రోగులను చూసి వచ్చిన సదయ్య తేల్చేశాడు.

"సంచి కట్టుకొని బతుకుడు నాతోని కాదు. మనుమరాలి ముంగట ఉచ్చసంచి మోసుకుంట తిరగాల్నా? గట్లయితె నన్ను గిట్లనే సావనియ్యిండ్రి."

భూపాల్ తొందరపడి, "అది కడుపు కోసే ఆపరేషన్‌కు బాపు. రోబోకు సంచి ఉండది" అనేశాడు.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు గానీ, ఒక్క అబద్ధమాడి ఆపరేషన్ చేయించమని ఏ పెద్దలూ అనలేదు. పైగా ఆ ఒక్కదానికి ఇంకోదాన్ని కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు కేరళ నర్సు సదయ్య బొడ్డు పక్కన సంచి వచ్చే చోట సిరాతో గుర్తు పెట్టింది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం.

"గిదేంది కొడుకా?"

"రోబో చెయ్యి దిగే జాగ బాపు."

డాక్టర్ వచ్చి, "అన్నీ తెలుసు కదా పెద్దాయనా?" అని అడిగితే సదయ్య కొడుకు వైపు చూసి నవ్వాడు. "మావోడు మంచిగ చెప్పిండు సారు."

భూపాల్ తల దించుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రోబో తన పని తాను ఏ లోటూ లేకుండా చేసింది. స్పృహ వచ్చాక సదయ్య దుప్పటి తొలగించి సంచి చూసుకున్నాడు. అంతలో గనిలో కలిసి పనిచేసిన కొమురెల్లి పలకరించడానికి వచ్చాడు.

"సంచి పెట్టిర్రా బావా? రోబోకు ఉండదంటివి గద!"

"ఉంటదని నాకు ముందుగాల్నే ఎరుక. ఉత్తగ అన్న" అన్నాడు సదయ్య.

భూపాల్‌కు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు.

కొమురెల్లి వెళ్ళాక సదయ్య మెల్లగా అన్నాడు. "బొగ్గుబాయిల మందు పేల్చే ముంగట కేక వేస్తుంటి. అందరు పక్కకు జరిగినంకనే ముట్టిస్తుంటి. నువ్వు చెప్పకుండ పేల్చినవు బిడ్డా."

"చెప్తె ఒప్పుకుందువా బాపు?"

"ఒప్పుకోకపోదును కావచ్చు. గాని అది నేను చెప్పాల్సిన మాట."

గాయాలు మానాక మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళారు. తీసిన మూత్రాశయాన్ని పరీక్షకు పంపిన రిపోర్టు వచ్చింది. రోగం ఎంతవరకు పాకిందో అందులో తేలుతుంది. డాక్టర్ అలవాటుగా భూపాల్ వైపు తిరిగాడు. సదయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పుండ్రి సారు. మావోడు బయట కూసుంటడు."

భూపాల్ లేచి వరండాలోకి వెళ్ళాడు. ఇంటి నుంచి భార్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. తండ్రి రిపోర్టు సంగతి తనకు తెలియదని ఏ నోటితో చెప్పాలి?

కాసేపటికి సదయ్య చొక్కా సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమన్నడు బాపు? పాకిందట్నా?"

"లేదట. అంత మంచిగనే ఉన్నదట. పా, జల్ది పోదాం, బస్సు దొరకాలె."

భూపాల్ తండ్రి మొహంలోకి చూశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడో, కొడుకు తట్టుకోలేడని అలా అన్నాడో తెలియలేదు. ఇంకోసారి అడగడానికి మొహం చెల్లక, ఆయన చేతిలోని మందుల కవరు అందుకుని వెనకాలే నడిచాడు.