సన్యాసిరావుకి వెళ్ళాల్సిన నలభై వేలు

కుమారికి మొగుడి మీద అనుమానం లేదు. ఎవరడిగినా ఆ మాట ఆవిడే చెబుతుంది. ఉన్నదంతా శ్రీదేవి మీద కుళ్ళు, అంతే.

శ్రీదేవి మరెవరో కాదు, త్రినాధరావుకి సొంత మేనమామ కూతురు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే బావకి పెళ్ళాం అనుకున్న పిల్ల. పొలం గట్టు దగ్గర పెద్దాళ్ళు మాటామాటా అనుకుని ఆ సంబంధం తప్పిపోయింది గానీ, లేకపోతే తుమ్మపాలలో ఆ ఇంటి గడప కుమారి తొక్కేదే కాదు. పోనీ మర్చిపోదామంటే అత్త అప్పలనర్సమ్మ మర్చిపోనివ్వాలి కదా! కూరలో ఉప్పు తగ్గితే చాలు, "మా అన్న కూతురైతేనా..." అని ఎత్తుకునేది.

పైగా ఆ అన్న కూతురు ఏ దూరదేశంలోనో లేదు. గవరపాలెంలో కాపురం, వీధి గదిలో చీరల వ్యాపారం. చుట్టాలిళ్ళలో ఏ శుభకార్యమైనా ఎదురుపడాల్సిందే. "ఏటి బావా, ఇలగ నల్లబడిపోయేవు?" అని అది అనడం, ఈయన పళ్ళికిలించడం. మరదలు బావని ఆటపట్టిస్తే మన వైపు తప్పా? ఎవరికీ తప్పు కాదు, ఒక్క కుమారికి తప్ప.

ఇక ఫోను సంగతి. చెరకాడి బెల్లం వండే తన గానుగ దగ్గరకి త్రినాధరావు బటన్ల ఫోనే పట్టుకెళ్తాడు, పాకంలో పడినా దిగులుండదని. పెద్ద ఫోను ఇంట్లో కుమారి దగ్గరే ఉంటుంది. ఖాతా ఆయనది, సిమ్ము ఆయనది, నొక్కే వేలు మాత్రం ఈవిడది. ఓసారి పెళ్ళి నుంచి వచ్చి, డబ్బులు పంపే యాప్‌లో శ్రీదేవి పేరు తెరిచి చూసింది. ఇద్దరి మధ్యా ఏం నడిచినా అక్కడ కనబడిపోతుంది కదా. ఏమీ లేదు. ఏమీ లేకపోతే మనిషన్నవాళ్ళు ఊరుకోవాలి. ఈవిడ ఊరుకోలేదు, గాలం వేసింది. ఒక్క రూపాయి పంపింది. వెళ్ళేది మొగుడి పేరు మీదే కాబట్టి, వాళ్ళిద్దరికీ ఏదైనా ఉంటే "ఏటి బావా ఇది" అని అది ఒక ముక్కయినా రాయకుండా ఉంటుందా అని.

రాయలేదు. "అమ్మ దొంగా, జాగర్త పడింది!" అనుకుంది కుమారి. అప్పట్నుంచి వాళ్ళు ఏ ఫంక్షన్లో కలిసినా సరే, ఇంటికొచ్చి పట్టుచీర విప్పకముందే ఓ రూపాయి పంపేది. జవాబు ఒక్కసారీ రాలేదు, కుళ్ళూ తగ్గలేదు.

మొన్న ఓ గృహప్రవేశం జరిగింది. త్రినాధరావు వడ్డిస్తూ శ్రీదేవి ఆకులో రెండు బూరెలు వేసేడు. కుమారికి ఒక్కటే వేసేడు. ఒళ్ళు మండిపోయి ఇంటికొచ్చి రూపాయి కొట్టేసింది.

మర్నాడు పొద్దున్న త్రినాధరావు కె. కోటపాడు నుంచి ఫోను చేసేడు. గానుగ ఇంజిను పాడైతే అక్కడ సన్యాసిరావు షెడ్డుకి బాగుచేయించడానికి తీసుకెళ్ళేడు. ఇక్కడేమో నరికిన చెరకు ఎండిపోతోంది.

"సన్యాసిరావుకి నలబై యేలు ఎయ్యి. డబ్బులు పడితేగానీ ఇంజిను ఇవ్వనంటన్నాడు."

కుమారి ఫోను తీసింది గానీ ధ్యాసంతా ఆ రెండో బూరె మీదే ఉంది. అన్నిటికంటే పైనున్న పేరు నొక్కింది, నలభై వేలు కొట్టింది, పిన్ను కొట్టింది. పచ్చ టిక్కు వచ్చేక చూసింది పేరు. ఆఖరున ఎవరికి పంపితే వాళ్ళ పేరే కదా పైన ఉండేది!

ఓలమ్మో! ఏడుపు ఆపుకుంటూ బ్యాంకుకి పరిగెత్తింది.

"ఖాతా మీ ఆయనది కదమ్మా, ఆయన్ని తీసుకొస్తే ఫిర్యాదు పెడదాం," అన్నాడు అక్కడి ఆఫీసరు. "అయినా అవతలావిడ ఒప్పుకుంటేనే వెనక్కొస్తాయి. తెలిసినావిడైతే వెళ్ళి అడగండి, అదే నయం."

ఆయన్ని తీసుకురావడమంటే ఫోను ఆయన ముందు పెట్టడమే. అందులో శ్రీదేవి పేరు తెరిస్తే వరసగా రూపాయిలు. పెళ్ళాం ఇన్నాళ్ళూ తన పేరుతో ఏం చేసిందో తెలిసిపోతే, ఇంక ఆ మనిషి మొహం ఎలా చూస్తుంది? ఇంతలో మళ్ళీ ఆయనే ఫోను.

"పడలేదంటన్నాడే?"

"నెట్టు తిరగతంది, కాసేపాగండి," అని ఆటో ఎక్కి గవరపాలెంలో దిగింది. ఎవరి మొహం చూడ్డానికి మంటో వాళ్ళ గుమ్మమే ఎక్కాల్సొచ్చింది.

"రా అక్కా, కూసో," అని శ్రీదేవి కుర్చీ వేసింది. కుమారి నసిగి నసిగి పొరపాటు సంగతి చెప్పింది.

"సూసేనక్కా, సూసి బయపడిపోయేను, బావ ఇంత డబ్బెందుకేసేడా అని," అంటూ శ్రీదేవి అప్పటికప్పుడే నలభై వేలూ తిప్పి పంపేసింది. ఈసారి కుమారి, సన్యాసిరావు పేరు మూడుసార్లు చదువుకుని మరీ డబ్బు పంపింది. హమ్మయ్య, అని లేవబోయింది.

శ్రీదేవి చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు తగ్గించింది.

"అక్కా, బావనేటీ అనకు. ఆ రూపాయిలు నువ్వు సూసే ఉంటావు. నన్ను సూసెల్లిన రోజల్లా ఒకటి పంపుతాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. నేనూ ఏటీ రాయలేదు, మొగుడూ పిల్లలూ ఉన్నదాన్ని. సంబందం తప్పిపోయిననాడు బావ నోరిప్పలేదు. నేనంటే లెక్కే లేదనుకున్నాను, ఏళ్ళ తరబడి కుమిలిపోయేను. ఆ మొదటి రూపాయి వచ్చిన కాణ్ణుంచీ ఆ బాద పోయింది."

చెబుతున్నంతసేపూ శ్రీదేవి మొహం కళకళలాడిపోతోంది. కుమారి చూడలేకపోయింది. ఆ కళ పెట్టింది ఎవరు? తనే, తన చేతులతోనే! ఇంక సిగ్గూ పరువూ గాలికి వదిలేసింది.

"ఆయన పంపలేదు. నేను పంపేను," అంది. "ఆయనకి తెలీనే తెలీదు. నీ మీద కుళ్ళుతో గాలం ఏసేను, తెలిసిందా?"

శ్రీదేవి కళ్ళు చెమర్చేయి.

"ఎంత మంచిదానివక్కా! మొగుడి పరువు కోసం నీ నెత్తినేసుకుంటన్నావు."

"ఒట్టే! నా పిల్లల మీదొట్టు!"

"తప్పు, పిల్లల మీద ఒట్లెయ్యకు. నేనెవరికీ సెప్పన్లే." చెంగుతో కుమారి చెమట తుడిచి, ఆటో దాకా వచ్చి ఎక్కించింది.

సాయంత్రానికి ఇంజిను వచ్చింది, గానుగ తిరిగింది. త్రినాధరావు అన్నానికి కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని కుమారి ఆయన్నే చూసింది. ఈయనకి ఏ పాపమూ తెలీదు. కానీ గవరపాలెంలో ఇంకో త్రినాధరావు ఉన్నాడు, తలుచుకుని తలుచుకుని ఏదో ఒకటి పంపేవాడు. అలాంటివాణ్ణి కుమారి తన కాపురంలో ఒక్కనాడూ చూడలేదు. తను పుట్టించినవాడే, తనకి మాత్రం కాకుండా పోయేడు.

"నాకెప్పుడైనా ఒక్క రూపాయి పంపేరా మీరు?" అంది ఉండబట్టలేక.

"నీకా?" త్రినాధరావు ముద్ద చేతిలో పట్టుకుని నవ్వేడు. "ఇంట్లో మనిసివి, నీకెందుకే పంపడం?"

కుమారి ఆయన కంచంలో మజ్జిగ పోసింది.