సాయంత్రం ఆరూ నలభై బస్సు

బస్టాపుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కొట్టులో ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్న ఆవిడను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. నాలుగేళ్ల కిందట బస్సు టికెట్ల మీద అదనపు రుసుము వేసినప్పుడు జనం పెద్ద గొడవే చేశారు. ఆ డబ్బు ఎటు పోతోందో, బస్సులు నడిపే కంపెనీ ఒప్పందం ప్రకారం నడుపుతోందో లేదో కనిపెట్టి చూడటానికి, మామూలు మనుషులు ఏడుగురితో మునిసిపాలిటీ వాళ్లు ఒక కమిటీ వేశారు. రోజంతా బస్టాపును చూస్తూ కూర్చునే మనిషి కన్నా తగినవాళ్లు ఎవరుంటారని టైలరమ్మను కూడా అందులో వేశారు. నెలకో మీటింగే కదా అని ఆవిడ సరేనంది.

ఆ ఏడుగురిలో ఒకాయన పోయాడు. ఒకావిడ వేరే ఊరు మారిపోయింది. ఇంకొకాయన రెండో మీటింగు నుంచీ జ్వరమని కబురు పెడుతూనే ఉన్నాడు. నాలుగేళ్లుగా ఆ జ్వరం తగ్గనే లేదు. మిగిలింది అధ్యక్షుడైన రిటైర్డు పోస్టుమాస్టరు, కళ్లజోళ్ల షాపాయన, టైలరమ్మ, పేరుకు మాత్రమే ఉన్న సెలూను యజమాని. నలుగురూ ఉంటే తప్ప ఏ తీర్మానమూ చెల్లదు. సెలూను యజమాని మీటింగుకి రాక ఏడాదవుతోంది కాబట్టి, ఏడాదిగా ఏ తీర్మానమూ లేదు. మునిసిపల్ ఆఫీసు రెండో అంతస్తులో, విరిగిన బెంచీలు పేర్చిన గదిలో ముగ్గురూ కూర్చుని, కంపెనీ పంపిన కాగితాలు తిరగేసి, టీ తాగి లేచిపోయేవాళ్లు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే చెమటలు కారేవి.

ఒక మీటింగులో టైలరమ్మ కళ్లు ఒక వరుస మీద ఆగాయి. కొండ కాలనీకి వెళ్లే చివరి బస్సు, సాయంత్రం ఆరూ నలభై. ఫలానా తేదీన నడిచింది, పదకొండు మంది ఎక్కారు అని ఉంది. ఆ తేదీ ఆవిడకు బాగా గుర్తు. ఆసుపత్రిలో పనిచేసే ఆయా, మోకాలి నొప్పి మనిషి, ఆ రోజు బస్సు కోసం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా కొట్లో స్టూలు మీద కూర్చుంది. బస్సు రాలేదు. చివరికి ఉసూరుమంటూ లేచి, గోడలు పట్టుకుంటూ కొండ ఎక్కింది.

"ఈ పదకొండు మందీ ఎవరండీ?" అంది టైలరమ్మ.

పోస్టుమాస్టరు కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "రాసిన పెన్నుకి తెలియాలమ్మా" అన్నాడు.

ఆ మర్నాటి నుంచీ ఆవిడ కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టింది. ముందు పేజీల్లో నడుములూ భుజాలూ, వెనక పేజీల్లో బస్సులు. ఆరు వారాలు. ముప్పై ఆరు సాయంత్రాల్లో ఆ బస్సు వచ్చింది ఏడుసార్లు. వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా ఆరున్నరకు కొట్టు గుమ్మంలో ఉండాల్సిందే. "ఏం, ఎవరికోసం ఎదురుచూపులు?" అని పక్క కొట్టువాళ్లు వేళాకోళం ఆడేవాళ్లు. "ముప్పై సీట్ల వాడికోసం" అనేది టైలరమ్మ. మొదట్లో నవ్వుతూనే అనేది. నాలుగో వారానికి నవ్వడం మానేసి ఊరికే అనేది.

కంపెనీకి మునిసిపాలిటీ కిలోమీటరుకింత అని చెల్లిస్తుంది. కొండకు నడవని బస్సుకీ మీటరులో కిలోమీటర్లు పడుతున్నాయంటే, ఆ బస్సు ఎక్కడో నడుస్తూనే ఉండాలి. ఎక్కడో ఆవిడకు అనుకోకుండా తెలిసింది. ఊరి చివర అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ల యూనిఫారాలు ఆవిడే కుడుతుంది. ఆ ఆరు వారాలూ అయ్యాక ఒక సాయంత్రం మూట తీసుకుని అక్కడికి వెళ్తే, గేటు ముందు కొండ కాలనీ బస్సు ఆగి ఉంది. బోర్డు మీద గోనెపట్టా కప్పారు. షిఫ్టు దిగిన పనివాళ్లు వరుసగా ఎక్కుతున్నారు. నెంబరు చూసుకుంది, అదే. తర్వాత డ్రైవరు సీటు వైపు చూసింది.

స్టీరింగు ముందు కూర్చున్నది ఆవిడ తమ్ముడు. వేరే రూటుకు మార్చారని తనతో చెప్పిన తమ్ముడు.

అతనూ చూశాడు. చెయ్యి ఊపబోయి మధ్యలోనే ఆపేసి, అద్దం సరిచేసుకుంటున్నట్టు తల తిప్పుకున్నాడు. మూట అక్కడ ఇచ్చిందో లేదో, ఇంటికి ఎలా వచ్చిందో టైలరమ్మకు తెలియలేదు.

ఆదివారం తమ్ముడింటికి వెళ్లింది. అతను వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఎన్నాళ్లనుంచిరా?"

"ఎనిమిది నెలలు" అన్నాడు తల ఎత్తకుండా. "ఫ్యాక్టరీ వాళ్లు కంపెనీకి విడిగా కడతారట. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడే సాయంత్రం ట్రిప్పుకి కూడా సంతకం పెట్టించేసుకుంటారు. నేను పోనంటే ఆ తాళాలు ఇంకొకడి చేతికిస్తారు, అంతే."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా."

"నువ్వా కమిటీలో ఉన్నావనే చెప్పలేదక్కా." అతను బూటు కింద పెట్టాడు. "రాస్తావా?"

"రాయక తప్పదురా."

"రాస్తే బస్సు నెంబరు రాస్తావు. నెంబరు ఉంటే నా పేరు బయటికొస్తుంది. సరే, నీ ఇష్టం. కానీ కొన్నాళ్లు ఈ గుమ్మం తొక్కకు."

ఆవిడ లేచి చెప్పులేసుకుంది. వెనక నుంచి మరదలు "వదినా, కాసిన్ని మంచినీళ్లయినా..." అంటూనే ఉంది. చిన్నప్పుడు జ్వరమొస్తే తన ఒళ్లో తప్ప పడుకోని తమ్ముడు. దారి పొడుగునా అదే గుర్తొచ్చింది ఆవిడకు. ఏడుపు రాలేదు. కాళ్లు మాత్రం పీకాయి.

తర్వాతి మీటింగుకి రవాణా ఆఫీసరూ, కంపెనీ మేనేజరూ వచ్చారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. నిద్ర చాలని కళ్లతో, చంకలో మూడు ఫైళ్లతో ఎప్పుడూ ఇంకో మీటింగుకి ఆలస్యమైపోతూ ఉంటాడు. టైలరమ్మ తేదీలన్నీ చదివింది, ఫ్యాక్టరీ గేటు ముందు చూసిన బస్సు నెంబరూ చెప్పింది. మేనేజరు ఓపిగ్గా విన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా అతనిది.

"మేడమ్, మీకు చాలా థ్యాంక్స్" అన్నాడు. "మా దృష్టికి రాని విషయం చెప్పారు. ఆ డ్రైవరు సొంతంగా ప్రైవేటు ట్రిప్పులు కొట్టుకుంటున్నాడన్నమాట. వెంటనే తీసేస్తాం."

టైలరమ్మ కూర్చున్నచోటి నుంచి సగం లేచింది. "డ్రైవరు చేసిన పని కాదండీ అది. మీ డిపోలో పంపిస్తేనే..."

"రాతపూర్వకంగా ఏమైనా ఉందా మేడమ్?"

ఉన్నది కొలతల పుస్తకం. ఆవిడ ఆఫీసరు వైపు చూసింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "అమ్మా, నేను ఇలాంటి ఒప్పందాలు నలభై చూడాలి. నలభై! మీరు నలుగురూ సంతకం పెట్టిన తీర్మానం, దానికి ఒక ఆధారం, ఈ రెండూ నా బల్ల మీద పెట్టండి. తర్వాత నేను చూసుకుంటాను. వచ్చే నెలాఖరుకి వీళ్ల ఒప్పందం ఇంకో ఐదేళ్లకి పొడిగించే ఫైలు కౌన్సిలుకి పోతోంది. ఆలోపు పెట్టండి." ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఆవిడకు ఇంకా నీరసం వచ్చింది.

తమ్ముణ్ని ఆ వారమే పనిలోంచి ఆపేశారు, విచారణ అని పేరు పెట్టి.

నాలుగో రోజు మధ్యాహ్నం మరదలు కొట్టుకొచ్చింది. చేతిలో ఒక పాత కర్టెను. అంచు కుట్టాలంది. ఆ కర్టెనుకు అంచు నిక్షేపంలా ఉంది. అయినా టైలరమ్మ తీసుకుంది. కర్టెను మడతల్లోంచి మరదలు ఒక ఫోను తీసింది.

"ఇది ఆయన పాత ఫోను వదినా. డిపో సూపర్‌వైజరు రోజూ మెసేజి పెట్టేవాడు, ఇవాళ కొండకి వద్దు, ఫ్యాక్టరీకి పో అని. ఎనిమిది నెలలవీ ఉన్నాయి."

"వాడికి తెలుసా నువ్వు తెచ్చినట్టు?"

"తెలీదు. తెలిస్తే నాతో మాట్లాడటం మానేస్తారు." ఫోను మిషను బల్ల మీద పెట్టి, "మీతో ఎలాగూ మాట్లాడటం లేదు కదా, ఇద్దరం కలిసి ఉందాం" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే మరదలు కళ్లు తుడుచుకుంది.

టైలరమ్మ ఆ ఫోను తెరవలేదు. సాయంత్రం కొట్టు మూసి, వద్దన్న గుమ్మం ముందుకే వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా మెట్టు మీదే నిలబడింది.

"ఇది నీ సొత్తు" అని ఫోను చాచింది. "నువ్వు వద్దంటే వాడను. తీర్మానం లేకుండా పోతుంది, నీ మీద నింద అలాగే ఉంటుంది. వాడమంటే, ఆ తర్వాత నీకే కంపెనీలోనూ పని దొరకదేమో. నాకు తెలీదురా. నాకు చాలా అలసటగా ఉంది. నువ్వే చెప్పు."

తమ్ముడు భార్య వైపు చూశాడు. ఆవిడ పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు లోపలికి పరుగెత్తింది. అతను ఫోను అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ ఆయా మా బస్సే ఎక్కేది" అన్నాడు చివరికి. "దిగేటప్పుడు ప్రతిసారీ వెళ్లొస్తా నాయనా అనేది. ఎనిమిది నెలలై ఆ మాట వినలేదు." ఫోను జేబులో వేసుకున్నాడు. "ఫోను నాది. నేనే పట్టుకొస్తాను. నువ్వు చదవడం ఎందుకు, నేనే చదువుతాను."

మీటింగు రోజు మూడున్నరకే పోస్టుమాస్టరు సెలూనుకి వెళ్లాడు. యజమాని ఒక గడ్డానికి నురుగు పూసి ఉన్నాడు. "ఇవాళ కాదు సార్, చూస్తున్నారుగా" అన్నాడు. పోస్టుమాస్టరు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎంతసేపైనా ఉంటాను. కావాలంటే నాకూ ఒక గడ్డం గీయి" అన్నాడు. ఆయనకు గీయడానికి గడ్డం లేదు, పొద్దున్నే గీసుకున్నాడు. అయినా కూర్చున్నాడు. నాలుగూ ఇరవైకి ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు, సెలూను యజమాని భుజం మీద తువ్వాలు అలాగే ఉంది.

"ఎప్పుడు చెయ్యెత్తాలో చెప్పండి, ఎత్తి వెళ్లిపోతాను" అన్నాడతను.

"ముందు విను" అన్నాడు కళ్లజోళ్ల షాపాయన.

తమ్ముడు గోడ పక్కన నిలబడి మెసేజిలు చదివాడు. తేదీ, సమయం, మాట. తేదీ, సమయం, మాట. గొంతు మొదట వణికింది, పదో దానికి కుదురుకుంది, నలభయ్యో దానికి విసుగొచ్చింది. మేనేజరు రెండుసార్లు అడ్డుపడబోతే పోస్టుమాస్టరు చెయ్యి చూపించి ఆపాడు. ఆఫీసరు ఈసారి గడియారం చూసుకోలేదు, పెన్ను తీసి రాసుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో సెలూను యజమాని భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా అత్తగారు ఆ కొండ మీదే ఉంటుంది" అన్నాడు నెమ్మదిగా. "బస్సు రావడం లేదు మొర్రో అంటే, నువ్వే ఆలస్యంగా బయల్దేరుతున్నావని ఎన్నిసార్లు కసిరానో." అడగకుండానే చెయ్యెత్తాడు. ఇంకా చెయ్యెత్తే ఘట్టం రాలేదని చెప్పినా దించలేదు.

తీర్మానంలో టైలరమ్మ ఒక వాక్యం పట్టుబట్టి రాయించింది: డ్రైవరు సాక్షి మాత్రమే, ముద్దాయి కాడు, అతని మీద చర్య తీసుకుంటే కమిటీ దాన్ని ఒప్పుకోదు. నలుగురూ సంతకాలు పెట్టారు. పోస్టుమాస్టరు అలవాటు కొద్దీ తేదీ ముద్ర కోసం జేబులు తడుముకున్నాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కౌన్సిలు కంపెనీని తీసేయలేదు. ఆ బస్సులు నడపడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఐదేళ్ల పొడిగింపును ఏడాదికి తగ్గించి, కొంత జరిమానా వేసి చేతులు దులుపుకున్నారు. సూపర్‌వైజరును మార్చారు. మేనేజరు అలాగే ఉన్నాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. తమ్ముణ్ని పనిలోకి తీసుకున్నారు గానీ, దూరపు డిపోకి, తెల్లవారుజాము డ్యూటీకి వేశారు. అతను టైలరమ్మనేమీ అనలేదు. ఆదివారాలు మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. ఆవిడ వెళ్తే లేచి కూర్చుంటాడు, మాట్లాడుతూ మాట్లాడుతూనే మళ్లీ కునుకు తీస్తాడు. మరదలు సైగ చేస్తే టైలరమ్మ గొంతు తగ్గించి, వాడి పక్కనే కాసేపు కూర్చుని వచ్చేస్తుంది.

పోస్టుమాస్టరు చూపు ఆనడం లేదని అధ్యక్ష పదవికి మాత్రం రాజీనామా చేశాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చేసరికి మిగతా ముగ్గురూ టైలరమ్మ వైపు చూశారు. సెలూను యజమాని ఇప్పుడు ప్రతి మీటింగుకీ వస్తున్నాడు, అదొక్కటే లాభం. తనవల్ల కాదని చెప్పాలనే ఆవిడ నోరు తెరిచింది. తెరిచి, సరే అంది. ఎందుకందో ఆవిడకే తెలియదు.

కొండ కాలనీ బస్సు వస్తోంది. ఆయా ఎక్కుతోంది, వెళ్లొస్తానని చెప్పడానికి ఇప్పుడు డ్రైవరు వేరు. ఒక సాయంత్రం ముఖం తెలియని ఒకావిడ కొట్టు గుమ్మంలోకి వచ్చి, చేతిలో సంచి కూడా దించకుండా నిలదీసింది.

"బస్సు కమిటీ అంటే మీరేనా? ఆరూ నలభై బస్సని పేరు, ఏడు దాటితే గాని రాదు. వచ్చినా నిలబడటానికి చోటుండదు. మీరంతా ఏం చేస్తున్నట్టు?"

టైలరమ్మ మిషను ఆపింది. సూది కింద ప్యాంటు కాలు సగంలో ఉంది. నడుము పట్టుకుని మెల్లగా లేచి, స్టూలు మీది గుడ్డముక్కలు తీసేసి ముందుకు జరిపింది.

"కూర్చోండమ్మా" అంది. "ఎన్నాళ్లనుంచి ఇలా?"