అత్తకు కనబడని చుక్కలు

అబెమామా దీవిలో పగడపు దిబ్బకు ఈ చివర ఇల్లు, ఆ చివర మొగలి పొదలు. చాపలకు ఆకు కోసుకుని, మోపులు పడవలో వేసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలని బయల్దేరారు అత్తాకోడళ్ళు. సగం దారిలో ఇంజను దగ్గింది, ఆగింది. తాడు లాగి లాగి కోడలు రోటియా అరచేతులు దోక్కుపోయాయి గానీ అది మళ్ళీ ఊపిరి తీసుకోలేదు. అప్పటికే ఆటు మొదలైంది. వెనక్కి తీసే నీళ్ళు పడవను దిబ్బల మధ్య సందులోంచి బయటి సముద్రంలోకి ఈడ్చుకుపోయాయి. ఉన్న ఒక్క తెడ్డుతో రోటియా చేయగలిగిందేమీ లేదు.

"ఇంకా బలంగా వెయ్యవే! అన్నం తినే చేతులేనా అవి?" అని అరుస్తూనే ఉంది అత్త టెకానెనె.

రోటియాది మైయానా దీవి. పెళ్ళై అబెమామా వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా పుట్టింటి గడప తొక్కలేదు. వెళ్తానన్నప్పుడల్లా అత్త ఏదో ఒక పని అడ్డం వేసేది. భర్త కయోటాన్ తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ ఇంట్లో కనీసం తలుపు తీసుకుని సముద్రపు ఒడ్డుకైనా వెళ్ళేది. ఇప్పుడు అదే అత్తతో, రెండు బారల పడవలో, మోకాలికి మోకాలు తగులుతూ కూర్చోవాలి. ఎటు చూసినా నీళ్ళే.

మర్నాడు ఎడమవైపు దూరంగా కొబ్బరి చెట్ల తలలు కనిపించాయి. కురియా దీవి అది. కేకలు వేశారు, పైబట్ట విప్పి ఊపారు. చెట్లు నెమ్మదిగా వెనక్కి జరిగి మునిగిపోయాయి.

"అయిపోయింది," అంది రోటియా. "ఇక పడమట ఏ దీవీ లేదు."

"పడమట లేకపోతే ఉత్తరాన లేదా? మీ ఊరు ఎటుందో కూడా తెలియదా నీకు?"

రోటియా తల ఎత్తింది. అత్త తనంతట తానే తన పుట్టింటి ఊసు ఎత్తడం అదే మొదలు.

టెకానెనె మొగలి ఆకుల ముళ్ళు గీకి, చీల్చి, చాప అల్లడం మొదలుపెట్టింది. కళ్ళతో పనిలేకుండా వేళ్ళే పోతున్నాయి. ఎండ నెత్తి మాడుస్తోంది. తాగడానికి నాలుగు కొబ్బరి బొండాలు, వాన పడితే పడవ అడుగున నిలిచే నీళ్ళు. రోటియా అల్లిన వరసను అత్త తడిమి చూసి విప్పేసింది. "దీంట్లోంచి గాలే కాదు, పంది కూడా దూరిపోతుంది."

చాప తయారయ్యాక తెడ్డును కొయ్యగా నిలబెట్టి తెరచాప కట్టారు. ఆగిపోయిన ఇంజను పిడినే చుక్కానిలా తిప్పుకున్నారు. ఆగ్నేయం గాలి దాన్ని పట్టుకుంది. కానీ ముక్కు ఎటు పెట్టాలి? పగలు పొద్దు నడినెత్తికొస్తే దిక్కే తెలియదు.

చీకటి పడుతూనే టెకానెనె అంది: "పడవలో వెల్లకిలా పడుకో. ఎర్ర చుక్క వెతుకు, రిమ్విమాటా అంటారు. దాన్ని పట్టుకుంటే మిగతావి చెబుతాను."

రోటియా పడుకుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న చుక్కలే, కానీ ఏదీ ఏదో తెలియదు. గుప్పెడు బియ్యం విసిరినట్టు అన్నీ ఒకటే. చూస్తున్న కొద్దీ ఆ నల్లటి కప్పు కిందికి దిగి ఛాతీ మీద కూర్చున్నట్టయింది.

"ఉంది. ఎర్రగా, పెద్దగా."

"ఎటు?"

"పడమటి వైపు, కిందగా."

"అది కాదు. రిమ్విమాటా మన నెత్తికి కాస్త దక్షిణంగా ఉండాలి. వెనకాల వంకర తోక ఉంటుంది. మళ్ళీ చూడు."

"ఉన్నవన్నీ తోకల్లాగే ఉన్నాయి అత్తా!"

"చూడవే మొద్దూ!"

"మీరే చూసి చెప్పొచ్చు కదా!" రోటియా లేచి కూర్చుంది. "ఊరికే తిట్టకపోతే, తల ఎత్తి ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోయింది?"

అత్త తల దించుకుంది. "కనబడితే చూడనా?" అంది.

"అంటే?"

"రెండేళ్ళయింది. పొగలా కమ్మేసింది. నీ మొహం కూడా ఎండలో అయితేనే ఆనుతుంది."

నిప్పు మీద గిన్నె తనతోనే దింపించుకోవడం, మార్కెట్టుకు ఒంటరిగా వెళ్ళకపోవడం, పుట్టింటికి పంపకపోవడం... రోటియాకు ఒక్కొక్కటే తట్టాయి.

"చెబితే ఏం పోయేది?"

"గుడ్డిదాన్ని చేసి మూల కూర్చోబెడతారు. మా అమ్మను అలాగే కూర్చోబెట్టారు."

రోటియాకు జాలి వేయలేదు. కోపమే వచ్చింది. అయినా మళ్ళీ వెల్లకిలా పడుకుంది. అత్త ఇప్పుడు మెల్లగా చెప్పింది: "మా నాన్న మా అన్నలకు ఊరి సావడిలో, మనేబాలో, నేర్పేవాడు. వాసాలు చూపించి, ఈ వాసం నుంచి ఆ వాసం దాకా ఈ చుక్కలు అని. నేను బయట కూర్చుని చాప అల్లుతూ విన్నాను. ఒకేసారి ఆకాశమంతా చూడకు. రెండు వాసాల మధ్య ఉండే ఒక్క గది చూడు."

రోటియా అరచేతులు రెండూ ఎత్తి మధ్యలో ఒక గది చేసుకుంది. నెత్తికి కాస్త దక్షిణంగా. అందులో ఎర్రటి చుక్క ఒకటి, అటూ ఇటూ చిన్నవి రెండు, వెనక వంకరగా తోక.

"తేలు," అంది ఊపిరి బిగబట్టి. "తేలులా ఉంది."

"అదే. ఇప్పుడు ఉత్తరానికీ పడమటికీ మధ్య, నీళ్ళకు దగ్గరగా ఏడు చుక్కలు. తల కిందికి, పిడి పైకి. మా నాన్న గాలం అనేవాడు."

రెండుసార్లు తప్పు చెప్పింది. మూడోసారి ఒక్కొక్క చుక్కా వేలితో లెక్కపెడుతూ ఏడుకు వచ్చింది. మబ్బు వచ్చి కమ్మేలోగా మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

"అటే మైయానా. నీళ్ళు మనల్ని ఎడమకు లాగుతాయి, ముక్కు కాస్త కుడికి పట్టు. తప్పితే ఇక నేల లేదు."

ఆ తర్వాత ఒక సాయంత్రమంతా మబ్బే. ఏ చుక్కా లేదు. చిమ్మచీకట్లో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు, ఎవరు ముందు పట్టుకున్నారో తెలియదు. మరుసటి సాయంత్రం ఎడమవైపు గాలం మళ్ళీ తేలింది. కోడలు పడవ ముక్కు సరిచేసింది. తెల్లవారాక పక్షుల గుంపు ఒకటి తల మీదుగా పోయింది. దాని వెంటే నీళ్ళ అంచున ఆకుపచ్చ గీత.

మైయానా ఒడ్డున రోటియాను చిన్నాన్న గుర్తుపట్టి నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ ఏడుస్తూ కూతురి మొహమంతా తడిమింది. టెకానెనె ఇసుకలో చతికిలబడి, ఎటు తిరగాలో తెలియక, వచ్చిపోయే గొంతులకేసి తల తిప్పుతూ ఉండిపోయింది. రోటియానే వెళ్ళి ఆమెను లేపి నీడకు నడిపించింది.

కబురంది కయోటాన్ ఓడలో వచ్చాడు. తల్లిని పట్టుకుని ఏడ్చాడు, భార్య వంక చూసి, "మూట సర్దుకో, మధ్యాహ్నం ఓడ తిరిగిపోతుంది," అన్నాడు.

"నేను ఇప్పుడు రాను," అంది రోటియా.

"మరి అమ్మను ఎవరు చూస్తారు?"

"ఆవిడకు కళ్ళు కనబడవు. ముందు ఆ సంగతి తెలుసుకో."

కయోటాన్ తల్లి వైపు తిరిగాడు. టెకానెనె మొహం గంటు పెట్టుకుంది.

"దాన్ని ఉండనీ," అంది చివరికి. "వచ్చినప్పుడు వస్తుంది. నన్ను ఓడ మెట్ల దాకా నడిపించు, నీకు రెండు చేతులున్నాయిగా."

కొడుకు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రోటియా కొబ్బరి చెట్ల కిందే నిలబడి చూసింది. ఓడ కదిలేదాకా టెకానెనె ఒడ్డుకేసే మొహం పెట్టుకుని ఉంది. రోటియా చెయ్యి ఊపబోయి, ఆమెకు కనబడదని గుర్తొచ్చి, గొంతు పెంచి, "జాగ్రత్త అత్తా!" అని అరిచింది.