చెత్తా? సొత్తా?

బెంచీల కిందినుంచి జంగమ్మ చీపురుతో లాగిన చిత్తుకాగితాలు గది మధ్యన కుప్పపడ్డాయి. నడుం పట్టుకొని లేచి, వాటిని పాత చీరగుడ్డలో మూటకట్టింది. ముఖం నిండా అమ్మవారి మచ్చలు, ఎండిన కట్టెల్లాంటి చేతులు. పొద్దున్నే రైలెక్కి శంషాబాద్ నుంచి యూనివర్సిటీకి రావడం, ఊడవడం, సాయంత్రం మూటతో తిరిగిపోవడం. ఆ కాగితాలు నానబెట్టి, మెంతిపిండి కలిపి దంచి, బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు చేసేది. పెనిమిటి పోయాక ఇల్లు గడిచింది ఆ గంపల మీదే.

ఆ సాయంత్రం గేటు కావలి విలాయత్ అలీ చెయ్యి అడ్డం పెట్టాడు. యుద్ధంతో కాగితానికి కరువొచ్చిందనీ, ఇకమీదట చిత్తుకాగితమైనా యూనివర్సిటీ సొత్తేననీ, బయటికి పట్టుకుపోతే దొంగతనమేననీ కొత్త సూపరింటెండెంట్ హుకుం జారీచేశాడట. ఆ మాట చెబుతూ అతను తల దించుకున్నాడు.

జంగమ్మ వెనక్కి తిరిగి నేరుగా సూపరింటెండెంట్ గదికి నడిచింది. గుమ్మం ముందు మూట విప్పి కుమ్మరించింది. గేటు దగ్గర్నుంచి వెంట వచ్చిన తోటి ఊడ్చే ఆడవాళ్లంతా తమ మూటలూ కుమ్మరించారు. సిరా మరకల కాగితాలతో పాటు వాటిలో చుట్టి పారేసిన అరటితొక్కలూ, నమిలి ఉమ్మిన పాన్ ముద్దలూ దొర్లాయి. ఇదేమిటని సూపరింటెండెంట్ ఉరిమాడు.

“మీ సొత్తే సాబ్, మీకే అప్పజెప్తున్నం. రేపటి సంది గిట్లనే తెస్తం. చెత్తయితే మేమెత్తుతం, సొత్తయితే మీరే ఎత్తుకోండ్రి,” అంది జంగమ్మ.

గాలికి కాగితాలు లేచి ఆయన బల్ల మీద వాలాయి. పాఠాలు ముగించుకొని పోతున్న పంతుళ్లు ఆగి చూశారు. ఒకాయన నవ్వాడు. సూపరింటెండెంట్ బూటుకు అంటిన అరటితొక్కను విదిలించుకుంటూ, తీసుకుపొమ్మని గొణిగాడు. జంగమ్మ కదల్లేదు. ఆ మాట గేటు దగ్గరికొచ్చి చెప్పమంది. ఆయన వచ్చి చెప్పాడు.

మళ్లీ కట్టిన మూటను విలాయత్ అలీయే ఎత్తి ఆమె తల మీద పెట్టాడు.

“మా ఇంటామె సుఘ్రా గంప అడుగుతున్నదక్కా. జర పెద్దది.”

“చేస్త తియ్యన్నా.”

రైలు పెట్టెలో ఆడవాళ్ల నవ్వులు శంషాబాద్ వచ్చేదాకా ఆగలేదు. జంగమ్మ మూట మీద కాళ్లు చాపుకొని రాణిలా కూర్చుంది.

మర్నాటి నుంచి ఎవరి మూటనూ ఎవరూ ఆపలేదు. శుక్రవారం సర్కారు సెలవు. పొద్దున్నుంచీ ఇంట్లో గంపల పని చేసి, చేతులు కడుక్కొని గోడకానుకుని కూర్చున్న జంగమ్మ మళ్లీ లేవలేదు. వాకిట్లో బోర్లించిన కుండ మీద సుఘ్రా కోసం మెత్తిన పెద్ద గంప, తడి అంచు మీద ఆమె వేళ్ల గుర్తులతో, ఎండలో ఆరుతోంది.