ఇది లాయరు ప్రకటన కాదు

“మినహాయింపు కోరుట” అన్న మాటను కొట్టేసి ఆర్లీన్ దాని పైన “బయటికి వచ్చేయడం” అని రాసింది. పొద్దున్న ఎనిమిదిన్నర. బల్ల కింద మంచుకు తడిసిన బూట్లు, బల్ల మీద చల్లారిన కాఫీ. చేతి కీళ్ళు పట్టేసి పెన్ను సరిగ్గా నిలవడం లేదు. అయినా చిత్తుప్రతి ఆమె చేత్తోనే దిద్దుతుంది.

ఒక కంపెనీ మీద వేలమంది తరఫున కలిపి వేసిన దావా రాజీకి వస్తే, ఆ రాజీ న్యాయమైనదేనా అని జడ్జి ఒకరోజు విచారణ పెడతాడు. ఆ సంగతి అందరికీ ఉత్తరం వేసి చెప్పాలి. లాయర్లు రాసిన నలభై పేజీలను మామూలు మనిషికి అర్థమయ్యే ఆరు పేజీలుగా మార్చడం ఆర్లీన్ ఉద్యోగం. టొలీడో ఊళ్ళో, అదే ఆఫీసులో, ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. ఏ ఉత్తరం మీదా ఆమె పేరుండదు. అందుకున్నవాళ్ళలో చాలామంది విప్పకుండానే చెత్తబుట్టలో పడేస్తారు. అందుకని కవరు మీద “ఇది లాయరు ప్రకటన కాదు” అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అది చూసి మిగిలినవాళ్ళు కూడా పడేస్తారు.

రాసిన ప్రతి ఉత్తరాన్నీ ఆమె తన ఇంటి కింది వాటాలో ఉండే వెండెల్ పోగ్‌కి ఇస్తుంది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. వంటింటి గట్లకు వేసే రాతి పలకలు కోస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపాడు. ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. చదువుతూ ఏ మాట దగ్గర ఆగిపోతే దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడతాడు. ఎక్కడా ఆగకపోతే చివర “ఓకే” అని రాసి ఆమె తలుపు కింద నుంచి తోసేస్తాడు. సున్నా చుట్టిన మాట ఉత్తరంలో ఉండకూడదు. అది ఆర్లీన్ పెట్టుకున్న నియమం.

తొమ్మిదింటికి పాత వాక్యం ఒకటి కావలసివచ్చి, మాస్కుల కేసు ఫైలు తీసింది. పనివాళ్ళకు అమ్మిన మాస్కులు రాతి దుమ్మును ఆపలేదన్న కేసు. ఫైల్లో వెండెల్ చదివిన కాగితాలు రెండున్నాయి. ఒకటి చిత్తుప్రతి. రెండోది మూడు మడతలు పడి ఉంది. చిత్తుప్రతికి మడతలెందుకుంటాయి? తిప్పి చూసింది. పైన అచ్చులో: వెండెల్ టి. పోగ్, వాటా నంబరు ఒకటి. చివర పెన్సిల్‌తో: “ఓకే. చక్కగా ఉంది.”

టపాలో అతనికే వచ్చిన అసలు ఉత్తరం అది. అతను దాన్ని ఆమె పని అనుకుని చదివి ఇచ్చాడు. ఆమె కూడా అలాగే అనుకుని, పేరు చూడకుండా ఫైల్లో పెట్టింది. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు సొంతంగా దావా వేసుకోవాలంటే జనవరి పదిలోగా ఈ రాజీలోంచి బయటికి వచ్చేస్తున్నామని రాసి పంపాలి. రానివాళ్ళకు మాస్కుల ఖరీదు వాపసు, అంతటితో సరి. ఇది ఫిబ్రవరి. విచారణ ఈ రోజే, మధ్యాహ్నం రెండింటికి. తొమ్మిదేళ్ళుగా వెండెల్ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతోంది, ఏ మాస్కు వాడేవారని ఒక్కసారీ అడగలేదు. ఆర్లీన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

సంగతి చెబితే పై అధికారి గ్రీర్ తల కూడా ఎత్తలేదు. “గడువంటే గడువే ఆర్లీన్. లావు అక్షరాల్లో వేసింది నువ్వేగా!” అన్నాడు. తర్వాత కొంచెం జాలిపడి, “వెళ్ళి నిలబడి అడగమను. జడ్జికి బుద్ధి పుడితే వింటాడేమో” అన్నాడు.

పన్నెండింటికల్లా ఆమె వెండెల్ వాటాలో ఉంది.

“అర్థం కాలేదా మీకు?”

“అంతా అర్థమైంది అమ్మాయ్. ఒక్క మాట దగ్గరా ఆగలేదు. నాకు రాశారనుకోలేదు, అంతే.”

“పైన మీ పేరుంది కదండీ!”

“నా పేరేమన్నా కష్టమైన మాటా, ఆగి చూడ్డానికి?” నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, “మరి నువ్వెందుకు చూడలేదు?” అన్నాడు మామూలుగా.

“విచారణ రెండింటికి. వెళ్ళి జడ్జిని అడుగుదాం పదండి” అంది ఆమె.

భార్య అంత్యక్రియలకు కట్టుకున్న టై తీసి కట్టుకున్నాడు. కారులో దారి పొడుగునా పెదవులు కదిలిస్తూ మాటలు కూర్చుకున్నాడు. “మూడు నిమిషాలు చాలు. అంతకన్నా ఊపిరి లేదు కూడా” అన్నాడు. కోర్టు మెట్ల మీద నాలుగుసార్లు ఆగాడు. ఆక్సిజన్ సిలిండర్ ఆమె మోసింది.

ఒకటిన్నరకు చేరారు. గది తాళం వేసి ఉంది. తలుపు మీద కాగితం: విచారణ పొద్దున్న పదింటికి మార్చబడింది, రాజీ ఆమోదించబడింది.

“విచారణ వేళ ముందుగా చెప్పకుండానే మారవచ్చు. బయలుదేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి.” ఆరో పేజీ, రెండో పేరా. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట రాస్తూ వచ్చిన మనిషి ఫోన్ చేయలేదు. తొమ్మిదింటికే చేసి ఉంటే విచారణ పదింటికని తెలిసేది, అప్పటికి ఇంకా టైముంది.

వెండెల్ ఆ కాగితాన్ని నిదానంగా చదివాడు. “ఇది కూడా తేలిగ్గానే అర్థమవుతోంది” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆర్లీన్‌కి అనిపించింది.

ఇంటికొచ్చాక అతను ఆ ఉత్తరం అడిగి తీసుకున్నాడు. “మళ్ళీ ఒకసారి చదువుతాను. నువ్వెళ్ళి సూప్ సంగతి చూడు” అన్నాడు.

అయిదున్నరకు సూప్ పట్టుకుని దిగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. కుర్చీలో వెండెల్ తల ఒక పక్కకు వాలి ఉంది. టై ముడి వదులు చేసుకున్నాడు. ఆక్సిజన్ మెషిన్ మాత్రం ఆగకుండా గాలి పంపుతూనే ఉంది. ఆమె గిన్నె కింద పెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూసి, మెషిన్ ఆపేసింది. ఒళ్ళో ఉత్తరం మొదటి పేజీ దగ్గరే తెరిచి ఉంది. “మీరు ఈ మాస్కు వాడి ఉంటే” అన్న చోట, “మీరు” చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఆంబులెన్సు వాళ్ళు వచ్చి, అడగవలసినవి అడిగి, అతన్ని తీసుకెళ్ళారు. ఆర్లీన్ సూప్ గిన్నె తీయడానికి వంగింది. నేల మీద పెన్సిల్ పడి ఉంది. తన ఆఫీసుదే, తనే ఇచ్చింది. దాని మీద “సందేహాలుంటే ఫోన్ చేయండి” అన్న మాటలూ నంబరూ అచ్చువేసి ఉండేవి. చెక్కగా చెక్కగా వేలెడు ముక్క మిగిలింది, దాని మీద చివరి రెండు అంకెలు.