వెల్లకిలా నిద్ర

ముప్పై ఏళ్లు రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేశాను. పడుకున్నవాళ్ల మొహాన టార్చి కొట్టి లేపడం నా ఉద్యోగం. ఇప్పుడు మానసిక వైద్యశాలలో మూడో నంబరు మంచం మీద నేను పడుకుంటే, గంటకోసారి నర్సు వచ్చి నా మొహాన టార్చి కొడుతోంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరికే అనలేదు.

ఎవరో తలుపు తీస్తున్నారని నెల రోజులు రాత్రుళ్లు ఇంట్లో గొళ్లాలు చూసుకుంటూ తిరిగాను. మా ఆవిణ్ణీ పడుకోనివ్వలేదు. అందుకే ఇక్కడ చేర్చారు. వరుసగా ఐదు రాత్రులు నిద్రపోతే శుక్రవారం ఇంటికి పంపిస్తానని డాక్టరు చెప్పాడు. నాకు కావలసింది ఆ శుక్రవారమే.

ఆ నర్సు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. కాగితం మీద ఏం రాస్తోందో చూపించదు. మనిషిని లేపి మరీ నిద్రపోతున్నాడో లేదో రాసుకునే పద్ధతి ఏ బుద్ధిమంతుడు పెట్టాడు? నన్ను ఇక్కడే ఉంచడానికి పన్నిన పన్నాగం కాకపోతే? సరే, తాడిదన్నేవాడుంటే తలదన్నేవాడుంటాడు. టిక్కెట్టు లేనివాళ్లు నిద్ర నటించడం నేను చూడనిదా? రెప్పలు బిగిస్తారు, అడుగుల చప్పుడు వినగానే ఊపిరి బిగబడతారు. నేను ఆ తప్పులు చెయ్యలేదు. వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, లెక్క తప్పకుండా ఊపిరి తీశాను. నాలుగు రాత్రులు కునుకు పట్టలేదు గానీ నటనలో ఒక్క లోపం లేదు.

గురువారం పొద్దున మా ఆవిడ వచ్చింది. నర్సు ఆ కాగితం తెచ్చి నా ముందే ఆమె చేతిలో పెట్టింది. వీళ్లిద్దరూ ఎప్పుడు ఒకటయ్యారా అనుకున్నాను.

"సార్ నిద్రపోతున్నట్టే ఉంటున్నారమ్మా. నాకే ఎందుకో నమ్మకం కుదరట్లేదు. ఒకసారి మీరు చూడండి," అంది నర్సు.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. పదకొండు గంటలకు వెల్లకిలా. పన్నెండుకు వెల్లకిలా. ఒంటిగంటకు వెల్లకిలా. నాలుగు రాత్రులూ అంతే.

"ఇలా పడుకున్నది ఈయన కాదమ్మా," అంది. "నిద్రపడితే ఈయన మంచానికి అడ్డం తిరుగుతారు. ఇక గురక గురించి చెప్పక్కర్లేదు."

తర్వాత నా వైపు తిరిగింది. "ఎవర్ని మోసం చేద్దామనండీ?"

"ఇంటికి వద్దామని," అన్నాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"నిద్ర లేకుండా వస్తే మళ్లీ గొళ్లాల దగ్గరికే కదా. నిద్రపోయి రండి. నేనెక్కడికీ పోను."

శుక్రవారం చేజారింది. నర్సు డాక్టరుతో మాట్లాడి నా మంచం గుమ్మం వైపు జరిపించింది. ఇక టార్చి వెయ్యదట. నడవాలో దీపం వెలుతురు చాలట, తలుపు అద్దంలోంచి నా ఊపిరి చూసి పోతుందట. ఇందులో ఏం మెలిక ఉందా అని ఆ రాత్రి చాలాసేపు ఆ అద్దం వైపే చూశాను. తర్వాతేమైందో తెలియదు.

పొద్దున్నే కాగితం చూపించింది. 'మంచానికి అడ్డంగా. గురక.' నేను నమ్మలేదు. మా ఆవిడ చెప్పిన మాటలే రాసి నన్ను బుజ్జగిస్తోందేమో.

అంతలో పక్క మంచం డ్రాయింగు మాస్టారు దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సిస్టర్, నన్నింకో గదికి మార్చండి. ఈయన పక్కన మనిషన్నవాడు పడుకోలేడు," అన్నాడు.

ఆ మాట మాత్రం నమ్మాను. ఆయన్ని కావలించుకుందామని లేచాను గానీ, ఆయన మొహం చూసి ఆగిపోయాను.